మొక్క కోసం ఎవరి తలుపు తట్టాలి

మిరప మొక్కకు ముడత రాగానే చాలామంది ఫొటో తీసి, మొక్కలు పెంచేవాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టి, "ఏం కొట్టాలి?" అని అడుగుతారు. నిమిషాల్లో సమాధానాలు వస్తాయి. ఒకరు వేపనూనె అంటారు, ఒకరు పుల్ల మజ్జిగ అంటారు, మరొకరు గంధకం అంటారు. అందరూ మంచి మనసుతోనే చెబుతారు. అయితే ఆకు పైకి ముడుచుకుందా, కిందికి ముడుచుకుందా అని అడిగేవాళ్లు తక్కువ. ముందు తేలాల్సింది అదే. అంచులు పైకి లేస్తే పైముడత. తామర పురుగులు రసం పీల్చడం వల్ల వస్తుంది. అంచులు కిందికి వంగి, తిరగేసిన పడవలా కనిపిస్తే కింది ముడత. అది నల్లి పని. ఆకులు చిన్నవైపోయి, మొక్క గిడసబారిపోతే తెల్లదోమ మోసుకొచ్చిన వైరస్‌ను అనుమానించాలి. నీటిలో కలిసే గంధకం నల్లి మీద బాగా పనిచేస్తుంది. వైరస్ సోకిన మొక్కను మాత్రం ఏ మందూ బాగుచేయలేదు, పీకి పారేసి పక్క మొక్కలను కాపాడుకోవాలి. మనం ముడత అని ఒకే పేరుతో పిలిచేవాటికి ఇన్ని కారణాలున్నాయి. ఒకదాని మందు ఇంకొకదానికి వాడితే డబ్బు పోతుంది, కాలం పోతుంది, చివరికి మొక్కా పోతుంది.

ఆకు తిప్పి చూసి ఈ తేడా చెప్పగలిగిన మనిషి మీకు దగ్గర్లోనే ఉంటారు. ఆ సలహాకు రుసుము ఉండదు. ఎవరిని అడగాలో తెలియక, అడిగితే ఏమనుకుంటారోనన్న బెరుకుతో మన ఊళ్లలో, కాలనీల్లో ఎన్నో తోటలు మొదటి ఏడాదే ఆగిపోతున్నాయి. ఆ బెరుకు పోవాలనే ఈ అధ్యాయం.

పట్టా లేకపోయినా

"మాకు ఎకరం లేదు, పాసు పుస్తకం లేదు, మేడ మీద పాతిక కుండీలు ఉన్నాయి. వ్యవసాయ కార్యాలయానికి మేమెందుకు వెళ్తాం?" ఈ మాట చాలాచోట్ల వినిపిస్తుంది. రాయితీ కావాలంటే కాగితాలు అడుగుతారు. సలహా అడగడానికి ఏ కాగితమూ అక్కర్లేదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2020 మే 30న రైతు భరోసా కేంద్రాలుగా మొదలై, ఇప్పుడు రైతు సేవా కేంద్రాలుగా పిలుస్తున్నవి గ్రామ స్థాయిలో ఉన్నాయి. సచివాలయ వ్యవస్థలో వ్యవసాయ, ఉద్యాన సహాయకులు పనిచేస్తున్నారు. తెలంగాణలో సుమారు అయిదు వేల ఎకరాలకు ఒక క్లస్టర్ చొప్పున 2,601 క్లస్టర్లు చేసి, ఒక్కోదానికి వ్యవసాయ విస్తరణ అధికారిని పెట్టారు. రైతులు కూర్చుని మాట్లాడుకోవడానికి రైతు వేదికలు కట్టారు. శాస్త్రవేత్తలతో వీడియోలో నేరుగా మాట్లాడే రైతు నేస్తం కార్యక్రమం 2024లో ఆ వేదికల్లోనే మొదలైంది. కూరగాయలు, పండ్లు, పూల సంగతి ప్రత్యేకంగా చూసేది ఉద్యాన శాఖ. ఏ ఉద్యాన అధికారి పరిధిలోకి మీ ఇల్లు వస్తుందో కనుక్కుని, ఆ పేరు, నంబరు తోట పుస్తకం మొదటి పేజీలో రాసి పెట్టుకోండి. హైదరాబాద్ వాళ్లకు నాంపల్లి రెడ్‌హిల్స్‌లో ఉద్యాన శిక్షణ సంస్థ ఉంది. ఇంటి పంటల మీద అక్కడ శిక్షణ ఇస్తారు. తర్వాతి తరగతి ఎప్పుడో ముందుగా ఫోన్ చేసి తెలుసుకుని వెళ్లండి.

వీటన్నిటిలో నాకు ఎక్కువ నమ్మకం ఉన్నది కృషి విజ్ఞాన కేంద్రాల మీద. దేశంలో మొదటి కేంద్రం 1974లో పుదుచ్చేరిలో వచ్చింది. ఇప్పుడు దేశమంతా ఏడు వందలకు పైగా ఉన్నాయి. మన దగ్గర ఆమదాలవలస, పందిరిమామిడి, ఉండి, ఘంటసాల, గరికపాడు, దర్శి, బనవాసి, కలికిరి, గడ్డిపల్లి, జమ్మికుంట, రుద్రూర్, పాలెం, వైరా, ఇలా జిల్లా జిల్లాలో ఉన్నాయి. అక్కడ మాటతో పాటు మడి కూడా ఉంటుంది. పందిరి కూరగాయలు, వానపాముల ఎరువు, పెరటి కోళ్లు, పుట్టగొడుగులు కళ్లతో చూడొచ్చు. నేల శాస్త్రం, తెగుళ్లు, ఉద్యానం, గృహ విజ్ఞానం తెలిసిన నిపుణులు చాలా కేంద్రాల్లో ఒకే ఆవరణలో దొరుకుతారు. పొద్దున వెళ్లి సాయంత్రం దాకా ఉండేలా ఒక రోజు కేటాయించుకోండి. చేతులతో చేసి నేర్చుకున్నది వీడియోలు ఎన్ని చూసినా రాదు.

పంటను బట్టి వెళ్లాల్సిన చోటు కూడా మారుతుంది. పశ్చిమ గోదావరి జిల్లా వెంకటరామన్నగూడెంలో ఒక ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది, సిద్దిపేట జిల్లా ములుగులో కొండా లక్ష్మణ్ పేరుతో మరొకటి ఉంది. వాటి పరిశోధన స్థానాలు రెండు రాష్ట్రాల్లోనూ విస్తరించాయి. అరటి, కంద సందేహాలకు కొవ్వూరు, కొబ్బరికి అంబాజీపేట, మామిడికి సంగారెడ్డి, మిరపకు లాం. పెరట్లో ఉన్నది ఒక్క మామిడి చెట్టే అయినా, పూత ఎందుకు రాలుతోందో జీవితమంతా మామిడి మీదే పనిచేసినవాళ్లను అడగడానికి వెనకాడనక్కర్లేదు. విశ్వవిద్యాలయాలు ఏటా తెచ్చే వ్యవసాయ పంచాంగం కూడా ఇంట్లో ఉంచుకోదగ్గ పుస్తకం.

కదలడానికి వీల్లేనివాళ్లకు కిసాన్ కాల్ సెంటర్ ఉంది. 2004లో మొదలైంది. 1800-180-1551కి ఉదయం ఆరు నుంచి రాత్రి పది దాకా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు. అయితే ఆకు చూడకుండా ఫోన్లో చెప్పేదానికి హద్దులుంటాయి. ఏ నెలలో ఏది విత్తాలి, ఎంత ఎడం ఉంచాలి, ఏ రకం మంచిది వంటి ప్రశ్నలకు ఫోన్ చాలు. ఎండిపోతున్న మొక్కకు చాలదు.

ఇక రైతు బజారు. దీన్ని సలహా దొరికే చోటుగా ఎవరూ చెప్పరు, నేను చెబుతాను. 1999 జనవరి 26న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇవి మొదలయ్యాయి. పండించినవాళ్లే కూర్చుని అమ్ముకోవాలన్నది వాటి ఉద్దేశం. కొనుగోళ్ల హడావిడి తగ్గాక బీరకాయలు అమ్మే రైతమ్మ పక్కన కాసేపు కూర్చోండి. "అమ్మా, మా పాదుకు పువ్వులు బాగానే ఉన్నాయి, పిందెలు మాత్రం పసుపు తిరిగి రాలిపోతున్నాయి" అని అడగండి. బీర, సొర పువ్వులు సాయంత్రం విచ్చుకుంటాయని, ఆ వేళకు మీ మేడ మీదకు పురుగు పుట్రా రాకపోతే పిందె నిలవదని ఆమెకు తెలుసు. మగ పువ్వు తెంపి, కింద చిన్న పిందె ఉన్న ఆడ పువ్వు మధ్యలో సాయంత్రం పూట మెల్లగా తాకిస్తే కాయ నిలుస్తుంది. పిందెకు సన్నటి గాటు ఉండి, లోపల పురుగులతో కుళ్లితే అది పండు ఈగ పని. దానికి ఎర బుట్టలు పెట్టాలి. మీ నేల, మీ వాన, మీ గాలిలోనే బతికే మనిషి ఇచ్చే సలహా ఇది. దూరంనుంచి వచ్చే ఏ సలహాకూ ఈ బలం ఉండదు. కొన్నాక అడగండి, కొనకుండా అడగొద్దు. ఆమె సమయానికి ఆ మర్యాద దక్కాలి.

ప్రశ్నను సిద్ధం చేసుకోవడం

సగం సలహాలు వృథా అయ్యేది ఇక్కడే. "మా టమాటా వాడిపోతోంది" అంటే ఎంత గొప్ప శాస్త్రవేత్తయినా ఊహించి చెప్పాల్సిందే. నీళ్లు ఎక్కువైనా మొక్క వాడుతుంది, తక్కువైనా వాడుతుంది. వేళ్లలో నులిపురుగులున్నా, బాక్టీరియా ఎండు తెగులు సోకినా వాడుతుంది. వాడిన మొక్కను వేళ్లతో సహా తవ్వి తీసుకెళ్లండి. వేళ్ల మీద బొడిపెలుంటే నులిపురుగులు. కాండం మొదలును కోసి, గాజు గ్లాసులో తేట నీటిలో ఆనించి చూడండి. కోసిన చోటి నుంచి పాలలాంటి తీగ దిగితే బాక్టీరియా. ఈ పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. ఫలితం రాసుకుని వెళ్తే అధికారి మీతో మాట్లాడే తీరే మారుతుంది.

ఆకు తీసుకెళ్తుంటే ప్లాస్టిక్ సంచిలో వద్దు, చెమ్మ పట్టి దారిలోనే కుళ్లుతుంది. పాత దినపత్రికలో చుట్టండి. జబ్బు ఆకుతో పాటు అదే మొక్క నుంచి మంచి ఆకు ఒకటి, అప్పుడే మొదలైన మచ్చ ఉన్న ఆకు ఒకటి ఉండాలి. పూర్తిగా ఎండిన ఆకు ఏమీ చెప్పదు. పసుపు రంగు ముదురు ఆకుల్లో మొదలైందా, లేత చిగుళ్లలోనా అన్నది తప్పకుండా చెప్పండి. నత్రజని తక్కువైతే ముందు ముదురాకులు పాలిపోతాయి. ఇనుము అందకపోతే ఈనెలు పచ్చగానే ఉండి లేతాకులు పసుపెక్కుతాయి. సున్నం ఎక్కువగా ఉన్న నేలల్లో ఇనుము ఉన్నా మొక్కకు అందదు. అలాంటప్పుడు మట్టిలో ఎంత వేసినా ఫలితం అంతంతే. అన్నభేది, నిమ్మ ఉప్పు కలిపి ఆకుల మీద పిచికారీ చేయమంటారు. మోతాదు మీ ప్రాంతపు అధికారినే అడగండి.

తోట పుస్తకం గురించి ఇంతకుముందు అన్నాను. ఒక మామూలు నోటు పుస్తకం చాలు. విత్తిన తేదీ, విత్తనం ఎక్కడిది, నీళ్లు బోరువా నల్లావా, ఎండ ఎన్ని గంటలు, ఇప్పటిదాకా ఏమేం వేశారు, ఏమేం కొట్టారు. ఈ చివరిది దాచొద్దు. కొట్టింది చెప్పకపోతే ఇచ్చే సలహా తప్పుతుంది.

పెరటి మట్టిని విత్తడానికి ముందే పరీక్ష చేయించండి. పై చెత్త పక్కకు తీసి, సుమారు పదిహేను సెంటీమీటర్ల లోతున, ఆంగ్ల అక్షరం 'వి' ఆకారంలో గుంత తవ్వి, అంచు వెంట పైనుంచి కింది దాకా పలచగా మట్టి గీకండి. ఇలా ఎనిమిది, పది చోట్ల తీయాలి. గోడ పక్కన, చెట్టు కింద, పెంటకుప్ప ఉన్న చోట, మొన్ననే ఎరువు వేసిన చోట వద్దు. అంతా ఒక గుడ్డ మీద కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురుగా ఉన్న రెండు భాగాలు తీసేసి, మిగిలింది మళ్లీ కలిపి, అరకిలో మిగిలేదాకా ఇలాగే చేయండి. నీడలో ఆరబెట్టి గుడ్డ సంచిలో పోయండి. ఎరువుల సంచి వాడొద్దు. 2015లో వచ్చిన నేల ఆరోగ్య కార్డు పథకంలో పన్నెండు అంశాలు చూస్తారు. నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, ఉదజని సూచిక, లవణ సూచిక, సేంద్రియ కర్బనం. పరీక్షాగారానికి వెళ్లేటప్పుడు ఒక సీసాలో మీ నీళ్లు కూడా పట్టుకెళ్లండి. అపార్ట్‌మెంట్లలో శుద్ధి యంత్రం వదిలేసే నీళ్లు మొక్కలకు పోస్తుంటారు. వాటిలో లవణాలు ఎంతున్నాయో తెలియకుండా పోయడం మంచిది కాదు.

మేడ మీద తోట పెట్టేవాళ్లు మాత్రం మొక్కల మనిషి కంటే ముందు ఇంజనీరును అడగాలి. తడిసిన మట్టి చాలా బరువు. ముప్పై సెంటీమీటర్ల మందంలో మామూలు మట్టి నింపిన మడి, వాన కురిశాక చదరపు మీటరుకు అర టన్ను తూగుతుంది. మనుషులు తిరిగే పైకప్పుకు భారతీయ ప్రమాణం సుమారు 150 కిలోల భారాన్నే లెక్కలోకి తీసుకోమంటుంది. అందుకే బరువైన మడులు గోడలు, దూలాల మీదికి వచ్చేలా పెట్టమని, మట్టిలో కొబ్బరి పొట్టు, కంపోస్టు ఎక్కువగా కలిపి తేలిక చేయమని చెబుతారు. పాత ఇల్లయితే ఈ సంప్రదింపు లేకుండా ఒక్క ఇటుక కూడా పేర్చొద్దు.

కథా రచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి హైదరాబాద్ శివారు నారపల్లిలో తన మేడ మీద పండించిన తోట, మిద్దెతోట గురించి ఆయన చేసిన రచనలు ఎంతోమందిని ఈ దారికి తెచ్చాయి. అలాంటి అనుభవజ్ఞుల తోటలు తప్పక చూడండి. చూసి, మీ ఎండకూ మీ నీళ్లకూ తగ్గట్టు మార్చుకోండి.

పురుగు మందుల దుకాణం గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఆ దుకాణదారుల్లో అనుభవం ఉన్నవాళ్లు, నిజాయితీపరులు ఉన్నారు. అయినా జబ్బు తేల్చేవాళ్లు, మందు అమ్మేవాళ్లు ఒకరే కాకుండా చూసుకోవడం ఇంటి తోటకు క్షేమమని నా గట్టి అభిప్రాయం. డబ్బా మీద చతురస్రం కింది సగంలో ఉండే రంగును చూడటం ఇంట్లో అందరికీ నేర్పండి. ఎరుపు అత్యంత విషపూరితం, తర్వాత పసుపు, నీలం, చివరిది ఆకుపచ్చ. ఆకుపచ్చ అన్నంత మాత్రాన విషం కాకుండా పోదు. పిల్లలు తిరిగే మేడ మీదికి, కోసి అదే పూట వండుకునే ఆకుకూర మీదికి ఎరుపు, పసుపు గుర్తులవి రానే కూడదు.

పదిమంది కలిస్తే

ఒక కుటుంబం పిలిస్తే అధికారి రావడం కష్టం. ముప్పై కుటుంబాలు సంతకం పెట్టి పిలిస్తే వచ్చే అవకాశం చాలా ఎక్కువ, ఎందుకంటే శిక్షణ నిర్వహించడం వాళ్ల బాధ్యతల్లో భాగమే. కాలనీ సంఘం, పొదుపు సంఘం, పాఠశాల యాజమాన్య కమిటీ, ఏ పేరుతోనైనా ఒక ఉత్తరం రాయండి. ఏ విషయం మీద, ఎంతమంది, ఏ వారం అన్న మూడూ అందులో ఉండాలి.

బడుల్లో పోషక తోటల కోసం కేంద్రం 2019లో మార్గదర్శకాలు ఇచ్చింది. అంగన్‌వాడీల్లో పోషణ్ వాటికలు పెడుతున్నారు. మీ వీధి అంగన్‌వాడీలో ఖాళీ స్థలం ఉంటే మీ మొదటి ఉమ్మడి తోట అక్కడే పెట్టండి. మునగ, తోటకూర, గోంగూర, బచ్చలి, బొప్పాయి. వీటికి పెద్ద నైపుణ్యం అక్కర్లేదు, పిల్లల పళ్లెంలోకి నేరుగా వెళ్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ ప్రకృతి సేద్యం కార్యక్రమంలో మహిళా సంఘాల ద్వారా పెరటి తోటలను ప్రోత్సహిస్తోంది. మీ ఊళ్లో ఆ పని చేస్తున్న అక్కలు ఉంటే జీవామృతం కలపడం వాళ్ల దగ్గర చూసి నేర్చుకోండి. పొలానికి రెండు వందల లీటర్ల నీటికి పది కిలోల ఆవు పేడ, అయిదు నుంచి పది లీటర్ల మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పు పిండి, గుప్పెడు మంచి మట్టి అంటారు. ఇంటి తోటకు ఇందులో పదో వంతు చాలు. ఎప్పుడు వాడాలో వాసనను బట్టి పోల్చుకోవడం ఒకసారి పక్కన నిలబడి చూస్తేనే తెలుస్తుంది.

విత్తనాల విషయంలో జహీరాబాద్ ప్రాంతం నుంచి నేర్చుకోవాల్సింది చాలా ఉంది. పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు పాత రకాల విత్తనాలను ఊరి విత్తన బ్యాంకుల్లో కాపాడుతున్నాయి. అక్కడి కృషి విజ్ఞాన కేంద్రాన్నీ ఆ సంస్థే నడుపుతోంది. ఏటా జరిగే పాత పంటల జాతరలో విత్తనాల బండ్లు ఊరూరా తిరుగుతాయి. 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ పురస్కారం ఆ పనికి దక్కింది. చదువు రాని దళిత మహిళలు ఎందరో అక్కడ గురువులు. విత్తనం తీసుకున్నవాళ్లు పంట వచ్చాక కొంత ఎక్కువ తిరిగి ఇవ్వాలనే విత్తన బ్యాంకు పద్ధతిని ఏ అపార్ట్‌మెంటులోనైనా ఒక చెక్క పెట్టెతో మొదలుపెట్టొచ్చు. సంకర రకాల విత్తనం మాత్రం ఆ పెట్టెలో వేయొద్దు, తర్వాతి పంట అదే గుణంతో రాదు.

అమెరికాలో ఉన్న మన పిల్లలకూ ఈ దారి ఉంది. అక్కడ 1914లో వచ్చిన చట్టంతో విశ్వవిద్యాలయాలకు అనుబంధంగా విస్తరణ వ్యవస్థ ఏర్పడింది. చాలా కౌంటీల్లో దాని కార్యాలయాలున్నాయి. 1972లో వాషింగ్టన్ రాష్ట్రంలో మొదలైన మాస్టర్ గార్డెనర్ పద్ధతిలో శిక్షణ పొందిన స్వచ్ఛంద కార్యకర్తలు ఇంటి తోటల సందేహాలు తీరుస్తారు. న్యూజెర్సీలో రట్గర్స్, టెక్సస్‌లో ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం ఈ సేవలు నడుపుతాయి. చివరి మంచు ఎప్పుడు ఆగుతుందో, సొర విత్తనం ఇంట్లో ఎప్పుడు మొలకెత్తించాలో వాళ్లు చెప్పగలరు. సొరను లాజినేరియా అని, గోంగూరను హైబిస్కస్ జాతి ఆకుకూర అని చెప్పండి, వెంటనే అర్థం చేసుకుంటారు.

ఉమ్మడి తోట మొదలుపెట్టేవాళ్లు మొదటి శిక్షణను మే నెలాఖరులోపు పెట్టించుకోవాలి. మృగశిర కార్తె జూన్ మొదటి వారం దాటగానే వస్తుంది, అప్పటికి మడులు సిద్ధంగా ఉండాలి. ఆ రోజు మట్టి పరీక్ష ఫలితాలు అధికారి చేతికిచ్చి, మీ స్థలం నడిచి చూపించి, ఏ పంట ఏ మూలన పెట్టాలో ఆయనతోనే గుర్తులు పెట్టించండి. వెళ్లేముందు రెండో రాకకు తేదీ అడగండి, తీగలు పూతకు వచ్చే వేళకు. పండు ఈగ ఎర బుట్టలు కట్టడం ఆ రోజు పిల్లల చేత చేయించండి. సంక్రాంతికి ఊళ్లకు వెళ్లే ఇళ్లు ఎన్ని, ఆ నాలుగు రోజులు నీళ్లు ఎవరు పోస్తారు, కోసిన కూరగాయ ఎలా పంచుకుంటారు అన్నవి విత్తనం వేయకముందే తోట పుస్తకంలో రాసి, అందరి చేత సంతకాలు పెట్టించండి.